కోడ్ అందరిదీ... కాపలా ఎవరిది?

చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి సూపర్ కంప్యూటర్ దాకా నడుస్తున్నది ఓపెన్ సోర్స్ మీదే. ఒకప్పుడు దాన్ని తిట్టిపోసిన కంపెనీలే ఇప్పుడు నెత్తిన పెట్టుకుంటున్నాయి. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు ఈ ప్రేమను ఎంతవరకు నమ్మొచ్చు?

2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరం ఒకటి ప్రపంచమంతటా ఐఫోన్లను హడలెత్తించింది. ‘జ్ఞా’ రాసే వరసలో కంటికి కనపడని ఒక యూనికోడ్ గుర్తు వచ్చి చేరితే చాలు, ఆ సందేశం తెరిచిన యాప్ ఠక్కున మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూత. తెలుగు అక్షరమ్ముక్క రానివాళ్లు కూడా దాన్ని స్నేహితులకు పంపి ఏడిపించారు. మన గుణింతాలూ ఒత్తులూ ఏ వరసలో కూర్చాలో తెలిసిన ప్రోగ్రామర్లు హైదరాబాద్‌లో, బెంగళూరులో, కాలిఫోర్నియాలో కావలసినంతమంది ఉన్నారు. అయినా వాళ్లు చేయగలిగింది ఏమీ లేకపోయింది. అక్షరాలను తెరమీద పేర్చే ఆ కోడ్ యాపిల్ గడప దాటి బయటికి రాదు మరి. ఫిబ్రవరి 19న కంపెనీ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసేదాకా అందరూ చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో, లిబ్రేఆఫీస్‌లో మన ఒత్తులను కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్‌ది. దాని సోర్స్ కోడ్ బహిరంగం. అక్షరం విరిగి కనిపిస్తే, పని తెలిసినవాళ్లు ఎవరైనా లోపలికి వెళ్లి చూడొచ్చు, సరిచేసి పంపొచ్చు. ఓపెన్ సోర్స్ అంటే స్థూలంగా ఇదే. ప్రోగ్రామ్‌తో పాటు దాని సోర్స్ కోడ్‌నూ చేతికిస్తారు. చదువుకోవడానికి, మార్చుకోవడానికి, మార్చినదాన్ని నలుగురికీ పంచడానికి లైసెన్స్ రూపంలో హక్కు రాసిస్తారు.

ఇంతవరకు విన్నవాళ్లు చాలామంది తీర్పు చెప్పేస్తారు: ఓపెన్ సోర్స్ మంచిది, కంపెనీలు చెడ్డవి. ఇంజినీరింగ్ హాస్టళ్లలో అర్ధరాత్రి దాకా సాగే వాదనల్లో ఒక పక్షం ఇది. ‘ప్యాకేజీ ఇచ్చేది కంపెనీయే కదా, ఆదర్శాలు కూడు పెడతాయా’ అన్నది రెండో పక్షం. ఇద్దరూ మరిచిపోయే సంగతి ఒకటుంది. ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌లో ఇప్పుడు చేరే మార్పుల్లో అత్యధికం ఇంటెల్, రెడ్ హ్యాట్, గూగుల్ లాంటి కంపెనీల ఉద్యోగులు జీతం తీసుకుని రాసినవే. మంచీ చెడ్డా తూకంలో ఇది ఎటు వేయాలి? అంతకన్నా పనికొచ్చే ప్రశ్నలు రెండున్నాయి. కోడ్ మీద హక్కు ఎవరి చేతిలో ఉంది? దాన్ని రోజూ కనిపెట్టుకుని ఉంటున్నది ఎవరు?

విద్యార్థి గదిలో పుట్టింది

ఈ గొడవ మొదలుపెట్టింది కూడా కుర్రాళ్లే. 1976లో హార్వర్డ్ చదువు పక్కనపెట్టి వ్యాపారంలోకి దిగిన ఇరవై ఏళ్ల బిల్ గేట్స్, కంప్యూటర్ ఔత్సాహికులకు ఒక బహిరంగ లేఖ రాశాడు. తాము తయారుచేసిన బేసిక్ ప్రోగ్రామ్‌ను కొనకుండా కాపీ కొట్టుకోవడం దొంగతనమేనని అందులో నిలదీశాడు. రాసినవాడికి డబ్బు రాకపోతే మంచి సాఫ్ట్‌వేర్ ఎవరు రాస్తారన్నది అతని ప్రశ్న. తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదది.

రిచర్డ్ స్టాల్‌మన్ రెండో కొసన నిలబడ్డాడు. ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో కాగితం ఇరుక్కుని మొరాయించే జిరాక్స్ ప్రింటర్‌ను బాగుచేద్దామంటే, దాని సోర్స్ కోడ్ ఉన్నవాళ్లు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. అలాంటి అనుభవాల నుంచే స్వేచ్ఛగా పంచుకునే సాఫ్ట్‌వేర్ కోసం 1983లో గ్నూ ప్రాజెక్టు, 1989లో జీపీఎల్ లైసెన్స్ వచ్చాయి. జీపీఎల్ షరతు చిన్నదే: ఈ కోడ్ తీసుకుని మార్చి ఎవరికైనా ఇస్తే, మార్చిన కోడ్‌ను కూడా వాళ్లకు ఇదే షరతు మీద ఇవ్వాలి.

1991 ఆగస్టులో హెల్సింకి విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్, సరదాగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని ప్రకటించాడు. అదే లినక్స్. అతను మొదట పెట్టుకున్న లైసెన్స్‌లో, పంచేటప్పుడు డబ్బు తీసుకోకూడదన్న నిబంధన ఉండేది. మరుసటి ఏడాది దాన్ని తీసేసి జీపీఎల్‌కు మారాడు. విద్యార్థులు గమనించాల్సిన మలుపు ఇది. అమ్ముకోవద్దనే షరతు పోయింది, మూసేయొద్దనే షరతు నిలిచింది. దాంతో రెడ్ హ్యాట్ లాంటి కంపెనీలు లినక్స్ మీద వ్యాపారం చేసుకోగలిగాయి, వాళ్లు చేసిన మెరుగులు మళ్లీ అందరికీ చేరాయి. ప్రపంచంలోని మేటి 500 సూపర్ కంప్యూటర్ల జాబితా మొత్తం 2017 నవంబరు నుంచి లినక్స్‌దే.

ఊరికే ఇవ్వడం వేరు, హక్కు ఇవ్వడం వేరు అన్న పాఠం టోర్వాల్డ్స్‌కూ తర్వాత అనుభవంలోకి వచ్చింది. కెర్నల్ మార్పులను భద్రపరచడానికి అతను బిట్‌కీపర్ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్ వాడేవాడు. ఆ కంపెనీ లినక్స్ ప్రోగ్రామర్లకు దాన్ని పైసా తీసుకోకుండా ఇచ్చింది. 2005లో ఆ సదుపాయాన్ని ఉపసంహరించుకుంది. అప్పుడు టోర్వాల్డ్స్ కూర్చుని రాసిందే గిట్. ఇవాళ ప్రతి సీఎస్ఈ విద్యార్థీ గిట్ ఆదేశాలతోనే పని మొదలుపెడుతున్నాడు.

కంపెనీల ప్రేమకు లెక్కుంది

2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బాల్మర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చాడు. 2014లో అదే కుర్చీలోకి వచ్చిన మన హైదరాబాద్ సత్య నాదెళ్ల, లినక్స్ అంటే మైక్రోసాఫ్ట్‌కు ప్రేమ అన్నాడు. 2018లో ఆ కంపెనీ 750 కోట్ల డాలర్లకు, గిట్‌తో నడిచే కోడ్ పంచుకునే వేదిక గిట్‌హబ్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. ఏం మారింది? బాల్మర్ కాలంలో రాబడి విండోస్ పెట్టెలు అమ్మితే వచ్చేది, లినక్స్ దానికి నేరుగా పోటీ. నాదెళ్ల కాలానికి సర్వర్లు అద్దెకిచ్చే అజూర్ ముందుకొచ్చింది. అద్దెకు దిగేవాడు లినక్స్ అడిగితే కాదనడం ఎందుకు? కంపెనీ మనసు మారిందో లేదో గానీ, లెక్క మాత్రం మారింది.

మిగతావాళ్ల లెక్కలూ ఇలాంటివే. సర్వర్ల మీద అప్లికేషన్లను నడిపించే కుబర్నెటిస్‌ను గూగుల్ 2014లో అందరికీ ఇచ్చేసింది. అప్పటికి క్లౌడ్ వ్యాపారంలో అమెజాన్ చాలా ముందుంది. ఏ క్లౌడ్‌లోనైనా ఒకేలా నడిచే సాధనం వాడుకలోకి వస్తే వెనకబడ్డవాడికే లాభం. ఆండ్రాయిడ్ మూల కోడ్ బహిరంగమే. కానీ ప్లే స్టోర్, మ్యాప్స్, నోటిఫికేషన్లు నడిపే ప్లే సర్వీసెస్ మాత్రం గూగుల్ గుప్పిట్లో ఉంటాయి. వాటి ఆసరాతో ఫోన్ తయారీదార్ల చేతులు కట్టేసిందనే 2018లో యూరోపియన్ కమిషన్ 434 కోట్ల యూరోల జరిమానా వేసింది. తర్వాత కోర్టు దాన్ని కొంత తగ్గించింది.

కృత్రిమ మేధలోనూ ఇదే తంతు. మెటా తన లామా మోడళ్లను ఓపెన్ సోర్స్ అని చాటుకుంది. లామా 2 లైసెన్స్ చదివితే మాత్రం, నెలకు 70 కోట్లమందికి మించి వాడుకరులున్న కంపెనీ ముందుగా అనుమతి తీసుకోవాలని రాసి ఉంటుంది. ఫలానావాళ్లు వాడొచ్చు, ఫలానావాళ్లు కూడదు అనే గీత గీస్తే అది ఓపెన్ సోర్స్ కాదని, ఆ నిర్వచనాన్ని కాపాడే ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ తేల్చిచెప్పింది.

ఇందులో కంపెనీలను తిట్టాల్సిన పనేమీ లేదు. లెక్క కుదిరినంతకాలం వాళ్లు ఇచ్చే కోడ్ నిజంగానే మేలైనది. రియాక్ట్, పైటార్చ్ మెటాలో పుట్టినవే, వాటితో బతుకుతున్న కుటుంబాలు మన ఊళ్లలోనే ఎన్నో ఉన్నాయి. చిక్కల్లా లెక్క తప్పిన రోజున వస్తుంది.

లైసెన్స్ మారిన రోజు

2021 జనవరిలో ఎలాస్టిక్ కంపెనీ తన వెతుకులాట సాఫ్ట్‌వేర్ ఎలాస్టిక్‌సెర్చ్‌ను ఓపెన్ సోర్స్ లైసెన్స్ నుంచి తప్పించింది. తాము కష్టపడి రాసినదాన్ని అమెజాన్ అద్దె సేవగా మార్చి సొమ్ము చేసుకుంటోందన్నది దాని ఫిర్యాదు. అమెజాన్ ఊరుకోలేదు, పాత కోడ్‌ను తీసుకుని ఓపెన్‌సెర్చ్ పేరుతో వేరుకుంపటి పెట్టింది. 2023 ఆగస్టులో హ్యాషికార్ప్ కంపెనీ టెర్రాఫామ్ అనే సాధనం లైసెన్స్ మార్చింది, దానికి పోటీగా ఓపెన్‌టోఫు వచ్చింది. 2024 మార్చిలో రెడిస్ డేటాబేస్ లైసెన్స్ మారితే కొద్దిరోజుల్లోనే వాల్కీ పుట్టింది. ఎలాస్టిక్, రెడిస్ ఆ తర్వాత మళ్లీ ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌ను జతచేశాయి.

వీళ్లు రాత్రికి రాత్రి ఎలా మార్చగలిగారు? లినక్స్‌ను ఎందుకు ఎవరూ మార్చలేరు? కిటుకు కాపీరైట్‌లో ఉంది. లినక్స్‌లో ఎవరు రాసిన వరసల మీద హక్కు వాళ్లదే. లైసెన్స్ మార్చాలంటే వేలమంది ప్రోగ్రామర్లను వెతికి పట్టుకుని ఒప్పించాలి, అది జరిగే పని కాదు. ఒకే కంపెనీ నడిపే ప్రాజెక్టుల్లో చాలాచోట్ల, మీ కోడ్ చేర్చుకునే ముందు ఒక ఒప్పందం మీద సంతకం అడుగుతారు. రేపు లైసెన్స్ మార్చుకునే వీలు అందులోనే ఉండొచ్చు. ఆదివారాలు కూర్చుని ఊరికే రాసిచ్చిన కుర్రాడి కోడ్ కూడా ఆ మార్పుతో పాటే వెళ్లిపోతుంది. ఉద్యోగపు ఆఫర్ లెటర్‌ను నాలుగుసార్లు చదివే విద్యార్థి, ఈ కాగితాన్ని ఒక్కసారైనా చదవాలి.

అరసెకను తేడా

హక్కు పదిలంగా ఉన్నచోట కూడా రెండో ప్రశ్న మిగిలే ఉంటుంది. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని సామెత. అందరూ పాలు పిండుకునేవాళ్లే, మేత వేసేవాడు లేడు. ఇంటర్నెట్ లావాదేవీలకు రక్షణకవచంలాంటి ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. అది రెండేళ్లుగా అందరి కళ్లెదుటే ఉంది. ప్రపంచంలోని పెద్దపెద్ద కంపెనీలు వాడుకునే ఆ ప్రాజెక్టుకు అప్పట్లో ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లు! ఆ సిగ్గుతోనే కంపెనీలు కలిసి లినక్స్ ఫౌండేషన్ ద్వారా నిధి పెట్టాయి.

పదేళ్ల తర్వాత మరో గండం. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే చిన్న పరికరాన్ని ఫిన్లాండ్‌లో లాసే కొలిన్ ఏళ్లతరబడి దాదాపు ఒంటిచేత్తో నెట్టుకొస్తున్నాడు. పని ఆలస్యమవుతోందని కొందరు పేరూ ఊరూ తెలియనివాళ్లు అతన్ని విసిగించసాగారు. అదే సమయంలో ‘జియా టాన్’ పేరుతో ఒకరు సాయానికి వచ్చారు. రెండేళ్లకు పైగా ఓపిగ్గా పనిచేసి, నమ్మకం సంపాదించి, ప్రాజెక్టులో చేయి వేసే అధికారం పొందారు. చివరికి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. అది అన్నిచోట్లకీ పాకితే లెక్కలేనన్ని సర్వర్లలోకి తాళం లేకుండా దూరొచ్చు.

పట్టుకున్నది ఏ నిఘా సంస్థా కాదు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తున్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ప్రోగ్రామర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్, వేరే ఏదో కొలతలు తీసుకుంటున్నాడు. సర్వర్‌లోకి దూరం నుంచి ప్రవేశించే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ ఎప్పటికన్నా అరసెకను ఆలస్యంగా జరుగుతోంది. ప్రాసెసర్ అనవసరంగా కష్టపడుతోంది. ఇంకొకరైతే విసుక్కుని వదిలేసేవారు. అతను తీగ లాగుతూ పోయి, 2024 మార్చి 29న డొంకంతా బయటపెట్టాడు. కోడ్ బహిరంగం కాబట్టే దొంగ లోపలికి రాగలిగాడు, బహిరంగం కాబట్టే బయటివాడు పట్టుకోగలిగాడు. తేడా చూసింది మాత్రం జీతం తీసుకుంటూ, తీరిగ్గా తవ్విచూసే వెసులుబాటున్న మనిషి. అలాంటి వెసులుబాటు లాసే కొలిన్‌కు లేదు.

టీషర్టు కోసమా?

ఇక మన పిల్లల దగ్గరికి వద్దాం. ఏటా అక్టోబరులో డిజిటల్‌ఓషన్ కంపెనీ హాక్టోబర్‌ఫెస్ట్ జరుపుతుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నాలుగు పుల్ రిక్వెస్టులు (మార్పుల ప్రతిపాదనలు) పంపితే 2020లో టీషర్టు ఇచ్చేవారు. ఆ ఏడాది ఒక వీడియో చూసి వేలంవెర్రిగా కుర్రాళ్లు ఎగబడ్డారు. ‘అద్భుతమైన ప్రాజెక్టు’ అని ఒక్క మాట చేర్చి పంపినవాళ్లు ఎందరో. ప్రాజెక్టులను కనిపెట్టుకునే మెయింటెయినర్లు లబోదిబోమన్నారు. ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే లెక్క అని నిర్వాహకులు మూడు రోజుల్లో నియమం మార్చాల్సి వచ్చింది. కొన్నేళ్లకు ఎక్స్‌ప్రెస్ అనే వెబ్ ప్రాజెక్టు రీడ్‌మీ ఫైలులో తమ పేర్లు రాసి పంపే తొక్కిసలాట మొదలైంది. ఊరికే మేత వేసేవాళ్ల నెత్తిన మరింత బరువు!

పిల్లలనే అనడం న్యాయం కాదు. రెజ్యూమెలో గిట్‌హబ్ లింకు అడిగే కంపెనీ, అందులో పచ్చ గళ్లు ఎన్నున్నాయో చూస్తుంది గానీ పని నాణ్యత చూసే ఓపిక దానికెక్కడిది? అయినా దారి తెలిసినవాళ్లు ఉన్నారు. గూగుల్ 2005 నుంచి నడుపుతున్న సమ్మర్ ఆఫ్ కోడ్‌లో భారతీయ విద్యార్థులది పెద్ద వాటా. ఇందులో నెలల తరబడి ఒక మెంటర్ కింద ఒకే ప్రాజెక్టు మీద పనిచేయాలి. హైదరాబాద్‌లో పుట్టిన స్వేచ్ఛ సంస్థ, ఇంజినీరింగ్ విద్యార్థులతో కలిసి సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తేవడం నుంచి కృత్రిమ మేధ కోసం తెలుగు కథలు సేకరించడం దాకా పనులు చేస్తోంది. పోతన, వేమన ఖతుల నుంచి గూగుల్ ఫాంట్స్‌లోని మండలి, రామభద్ర, సూరన్న దాకా స్వేచ్ఛగా వాడుకునే తెలుగు ఖతులు ఇన్ని ఉన్నాయంటే, ఎవరో కూర్చుని ఒత్తు ఒత్తుకీ మెరుగుపెట్టబట్టే. డబ్బు విషయంలోనూ కదలిక ఉంది. బెంగళూరు కంపెనీ జిరోధా, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఏడాదికి పది లక్షల డాలర్లు ఇచ్చే నిధిని 2024లో ప్రకటించింది. ఇతరుల కోడ్ మీద కోట్లు గడించే మన ఐటీ కంపెనీలకు ఇది అందని ద్రాక్షేమీ కాదు.

చేరే ముందు అడగండి

• లైసెన్స్ ఏది? పేరుకు ఓపెనా, ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ ఆమోదించినదా?
• కాపీరైట్ ఎవరిది? రాసినవాళ్లందరిదా, ఒక్క కంపెనీదా?
• కోడ్ ఇచ్చేముందు సంతకం అడుగుతున్నారా? అందులో లైసెన్స్ మార్చుకునే వీలుందా?
• నిర్వహిస్తున్నది ఎంతమంది? వాళ్లకు జీతం ఎవరిస్తున్నారు?
• మీరు పంపే మార్పు వాళ్ల పని తగ్గిస్తుందా, పెంచుతుందా?

కాలేజీల వంతు

బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టుల సంగతి తెలిసిందే. అమీర్‌పేటలో రిపోర్టుతో సహా రెడీమేడ్‌గా దొరుకుతాయి. వైవా అయిన మర్నాడు ఆ కోడ్‌ను తెరిచి చూసే నాథుడుండడు. దాని బదులు ఒక సెమిస్టర్ పాటు నడుస్తున్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టును అప్పగిస్తే? బగ్ ఫిర్యాదులు చదివి నిజమైనవి వేరుచేయడం, పరీక్షలు రాయడం, తెలుగు అక్షరం విరిగినచోట కారణం వెతకడం. మార్కులు వేయాల్సింది కొత్తగా ఎన్ని వరసలు రాశాడని కాదు, ఆ మెయింటెయినర్ భుజాల మీంచి ఎంత పని తీసుకున్నాడని. అలా ఆరు నెలలు గడిపిన విద్యార్థికి కంపెనీల గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. ఏది లెక్కకోసం ఇచ్చిన కోడో, ఏది అందరికీ హక్కుగా దక్కిన కోడో తనే పోల్చుకుంటాడు. రేపు ఆ కంపెనీల్లోనే ఉద్యోగంలో చేరి, ‘మనం వాడుకునే ఈ ప్రాజెక్టుకు ఏడాదికి ఎంత ఇస్తున్నాం?’ అని మీటింగులో నోరు తెరిచి అడుగుతాడు.