వింటినారిలో ఆ చిన్న కన్ను ఎందుకు?

విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్ విల్లుతోనే. అలాంటి విల్లు నారిని దగ్గరగా చూడండి. పోగుల మధ్య చొక్కా బొత్తాం అంత రింగు ఇరికించి, దారంతో గట్టిగా కట్టి ఉంటుంది. అదే పీప్ సైట్.

నారి లాగి ఈ రంధ్రంలోంచి చూస్తే, విల్లుకు ముందు బిగించిన సైటు తాలూకు గుండ్రటి అంచు ఇందులో సరిగ్గా ఇమడాలి. తల కాస్త పక్కకు జరిగినా రెండు వలయాలూ కలవవు. తప్పు అక్కడే తెలిసిపోతుంది.

మరి రంధ్రం ఎంత ఉండాలి? చిన్నదైతే గురి కచ్చితంగా కుదురుతుంది, వెలుతురు మాత్రం తగ్గుతుంది. అమెరికాలో జింకల వేటగాళ్లు తెల్లవారుతుండగా, మునిమాపువేళ కాపు కాస్తారు. ఆ మసక వెలుగులో 3 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి ఏమీ ఆనదు. అందుకే చాలామంది 6 మిల్లీమీటర్లది వాడతారు. గురి స్పష్టంగా కనబడకుండా బాణం వదిలితే జంతువు గాయంతో విలవిల్లాడుతుంది. అది జరగకూడదు.

ఎత్తు సరిచూడటం తేలికే: కళ్లు మూసుకుని నారి లాగాలి, తర్వాత తెరవాలి. తల కదపకుండానే రంధ్రం కంటికి ఎదురుగా ఉంటే సరిపోయినట్టే.