ఫొటో ఎవరి సొత్తు?

కాపీరైటుకు మన పెద్దలు ‘గ్రంథస్వామ్యం’ అని పేరు పెట్టారు. పేరు ముచ్చటగానే ఉంది గాని, దానివల్ల ఒక చిక్కు వచ్చింది. ఇదేదో పుస్తకాలు రాసేవారి గొడవ, మనకు పట్టదు అనుకుంటాం. నిజానికి మన ముందుగదిలో గోడకు వేలాడే పెళ్లి ఫొటోకు కూడా ఈ స్వామ్యం ఉంది. మరి ఆ స్వామి ఎవరు? కెమెరా పట్టినవాడా, డబ్బిచ్చినవాడా, పటంలో కూర్చున్నవాడా?

అసలు ఫొటోకు కర్త అంటూ ఉంటాడా అన్న ప్రశ్నే ఒకప్పుడు కోర్టుకెక్కింది. ఐరిష్ రచయిత ఆస్కార్ వైల్డ్ 1882లో ఉపన్యాసాలకని అమెరికా వెళ్లినప్పుడు, న్యూయార్కులో సరోనీ అనే ఫొటోగ్రాఫరు ఆయనకు ఫొటోలు తీశాడు. వాటిలో ఒకదాన్ని ఒక ముద్రణ కంపెనీ అడగా పెట్టకుండా 85,000 ప్రతులు అచ్చువేసింది. సరోనీ దావా వేస్తే, ‘బొమ్మ గీసింది యంత్రం గాని మనిషి కాదు గదా!’ అని కంపెనీ వాదించింది. 1884లో అక్కడి సుప్రీంకోర్టు ఆ వాదం తోసేసింది. మనిషిని కూర్చోబెట్టిన తీరు, దుస్తులు, వెలుగునీడలు, ఇవన్నీ సరోనీ ఊహలో పుట్టినవేనని చెప్పి, అతనే కర్త అని తేల్చింది.

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం కూడా ఫొటో తీసినవారినే కర్త అంటుంది. రిజిస్టరు చేయించుకోనక్కర లేదు. ఫొటో తీయగానే హక్కు పుడుతుంది. అయితే కర్త వేరు, హక్కుదారు వేరు కావచ్చు. మీరు డబ్బిచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి హక్కుదారు మీరే. కనుక మీ అమ్మాయి పెళ్లి ఫొటోను స్టూడియోవారు తమ ప్రకటనల్లో వేసుకోవాలంటే మీ అనుమతి కావాలి. అదే పెళ్లిలో మేనమామగారు సరదాకి తన ఫోనుతో తీసిన ఫొటో మాత్రం ఆయన సొత్తు. పత్రికలో జీతానికి పనిచేసే ఫొటోగ్రాఫరు ఉద్యోగరీత్యా తీసినవాటిని, వేరే ఒప్పందం లేకుంటే, పత్రికల్లో ప్రచురించే హక్కు యజమానిది.

నాలుగురోడ్ల కూడలిలో నిలబెట్టిన విగ్రహాన్ని ఎవరైనా ఫొటో తీసుకోవచ్చు. దానికి శిల్పి అనుమతి అక్కరలేదు. కాని మరొకరు తీసిన ఆ విగ్రహం ఫొటోను తెచ్చి మన పుస్తకానికి అట్టబొమ్మగా వేసుకోకూడదు.

ఈ హక్కు ఎన్నాళ్లుంటుంది? 2012కు ముందు ప్రచురణ నుంచి లెక్క కట్టి 60 ఏళ్లుండేది. ఆ సంవత్సరం చట్టం సవరించాక, రచయితకు మల్లేనే ఫొటోగ్రాఫరుకూ జీవితకాలమంతా, ఆపైన మరో 60 ఏళ్లు లభించాయి.

హక్కు ఇతరులకు రాసివ్వాలంటే కాగితం మీదనే జరగాలి, నోటిమాట చెల్లదు. ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లకే అనుకుంటుంది. హక్కంతా అమ్ముకున్నా, ‘ఇది నేను తీసిందే’ అని చెప్పుకునే అధికారం మాత్రం కర్తను విడిచిపోదు.

ఇంటర్నెట్టులో కనిపించిన బొమ్మకు యజమాని లేడనుకోవడం, దొడ్డిగోడ దాటి వీధిలోకి వాలిన కొమ్మకు చెట్టే లేదనుకోవడం వంటిది. కోసుకునే ముందు తలుపు తట్టి ఒక మాట అడగడం మర్యాదా, క్షేమమూ కూడా.