పట్టుపురుగుల షెడ్డుకు వెచ్చదనం: ఇంటి నుండి అదుపు చేయుట ఎట్లు?

నివాసగృహానికి దూరంగా కట్టిన ఒక గదిలోని వేడిని, ఆ గదికి పోకుండానే, ఇంటి నుండి అదుపులో ఉంచుకొనుట ఎట్లు అన్నది పైకి చిన్న ప్రశ్నగా కనిపిస్తుంది. చలిదేశాలలో పెరటి కార్ఖానాలో పని చేసుకొనే వారికి ఇది నిత్యం ఎదురయ్యే సమస్య. అక్కడ చలికి జిగురు సరిగా పట్టదు. పనిముట్ల మీద తేమ చేరి తుప్పు పడుతుంది. మన ప్రాంతంలో ఇదే ప్రశ్న మరొక రూపంలో, అంతకంటె తీవ్రంగా, మల్బరీ సాగు చేసే రైతు వాకిట నిలిచి ఉన్నది. అతని కార్ఖానా పట్టుపురుగుల షెడ్డు. అందులో చలికి పాడయ్యేవి ఇనుప సామానులు కావు, ప్రాణులు.

పట్టుపురుగుకు స్వంతమైన శరీరోష్ణము లేదు. చుట్టూ ఉన్న గాలి ఎంత వేడిగా ఉంటే దాని దేహమూ ఇంచుమించు అంతే. కావున దాని ఆకలి, జీర్ణక్రియ, కుబుసం విడిచే కాలం అన్నీ గది ఉష్ణోగ్రతను అనుసరించి నడుస్తాయి. గుడ్డు నుండి వెలువడిన పిల్లపురుగుకు 28 డిగ్రీల సెంటీగ్రేడు కావలెను. రెండవ దశలో 27, మూడవ దశలో 26, నాలుగవ దశలో 25, చివరిదైన అయిదవ దశలో 24 డిగ్రీలు తగినవని పట్టు పరిశోధకులు నిర్ణయించారు. అనగా పురుగు పెరిగిన కొద్దీ దానికి కావలసిన వేడి తగ్గుతూ వస్తుంది. మదనపల్లె పట్టణం సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆ పీఠభూమిలో మార్గశిర, పుష్య మాసాల రాత్రులు బయట 15 డిగ్రీలకు దిగుట అరుదు కాదు. ఆ చలిలో పురుగులు ఆకు ముట్టక మందగిస్తాయి. కొన్ని ముందు, కొన్ని వెనుక కుబుసం విడుస్తాయి. మేత రోజులు పెరుగుతాయి. చలికి తేమ తోడైతే సున్నపుకట్టు రోగానికి దారి ఏర్పడుతుంది. నాలుగు వారాల శ్రమ, తోటలోని ఆకు, కూలి, గుడ్లకు పెట్టిన డబ్బు అన్నీ కొద్ది రాత్రుల నిర్లక్ష్యానికి పోగలవు.

ఇంటిలోనే పెంచితే ఈ దూరపు బాధ ఉండదు గదా అని ఎవరైనా అడుగవచ్చు. పూర్వం అట్లే పెంచేవారు. కాని వంటింటి పొగ, దోమల మందు, మనుషుల రాకపోకలతో చేరే రోగక్రిములు పురుగుకు శత్రువులు. వేరుగా షెడ్డు ఉండవలెనన్న సలహా అందుకే పుట్టింది. షెడ్డు దూరమైనది, దానితో రైతు నిద్రకూడా దూరమైనది!

ముందుగా ఎంత వేడి కావలెనో లెక్క వేయవలెను. ఈ లెక్క లేకుండా కొన్న హీటరు చిన్నదైతే చాలదు, పెద్దదైతే ప్రమాదం. ఆరు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల గదిని తీసుకొందాము. గోడల వైశాల్యం 60 చదరపు మీటర్లు, పైకప్పు 24. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ గుండా, లోపలికి బయటికి ఒక డిగ్రీ తేడా ఉంటే, చదరపు మీటరుకు సుమారు 2 వాట్లు పోతాయి. సిమెంటు రేకుల గుండా సుమారు 6 వాట్లు. తేడా పది డిగ్రీలు అనుకొంటే గోడల వల్ల 1,200 వాట్లు, కప్పు వల్ల 1,440 వాట్లు నష్టం. గదిలోని గాలి గంటకొకసారి మారుటకు మరొక 240 వాట్లు చేర్చవలెను. మొత్తం 2,880, అనగా ఇంచుమించు మూడు కిలోవాట్లు. గోడలకంటె ఎంతో చిన్నదైన కప్పు గోడలకంటె ఎక్కువ వేడిని దొంగిలిస్తున్నదని గమనింపవలెను. రేకుల క్రింద గోనెపట్టాతోనో బోదతోనో ఒక లోకప్పు కడితే ఆ నష్టం సుమారు సగానికి తగ్గుతుంది. పది గంటల రాత్రిలో ఏడు యూనిట్ల విద్యుత్తు మిగులుతుంది. గడ్డితో కట్టిన దానికి నిప్పు భయం ఎక్కువ గనుక హీటరుకు దూరంగా, ఎత్తుగా ఉండవలెను. ఏ యంత్రాన్ని కొనకముందు చేయవలసిన పని ఇదే అని నా అభిప్రాయము.

ఇక తేమ సంగతి. గాలిని వేడి చేస్తే అందులోని నీరు ఆవిరైపోదు, కాని గాలికి నీటిని మోసే శక్తి పెరుగుతుంది. 20 డిగ్రీల వద్ద నూటికి 80 వంతుల తేమ గల గాలిని 27 డిగ్రీలకు వేడి చేస్తే అదే నీటితో తేమ సుమారు 53 వంతులకు పడిపోతుంది. తట్టలోని మల్బరీ ఆకు వాడిపోతుంది. వాడిన ఆకును పురుగు తినదు. పిల్లపురుగులకు 85 వంతులు, పెద్దవాటికి 70 వంతుల చొప్పున తేమ కావలెను గనుక, వేడితోపాటు తడి గోనెలు వ్రేలాడదీయుట తప్పదు. నీరు, విద్యుత్తు ఒకే గదిలో చేరిన చోట ఎర్తు తీగ సరిగా ఉండుట, భూమికి కారే విద్యుత్తు 30 మిల్లీ ఆంపియర్లు దాటగానే ఆపివేసే స్విచ్చి ఉండుట విలాసం కాదు.

చాలామంది ఇప్పటికీ బొగ్గుల కుంపటినే నమ్ముకొన్నారు. అది చౌక, కరెంటు పోయినా ఆరదు. కాని మన ప్రశ్నకు అది జవాబు కాజాలదు. రాజేసిన కుంపటి ఎవరి మాటా వినదు. ఉష్ణోగ్రత చాలినంత అయినదని చెప్పినా మండుతూనే ఉంటుంది. తలుపులు మూసిన గదిలో అది విడిచే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. కుంపటి ఉన్న షెడ్డులో తలుపు బిగించి కాపలా పడుకొనుట ప్రాణాపాయం. దూరం నుండి సులభంగా అదుపు చేయగలిగినది విద్యుత్తు వేడి.

దూరనియంత్రణ అనగానే ఇటీవలి వింత అనుకొంటాము. దాని పుట్టుక ఒక విద్యాలయంలో జరిగిందన్న సంగతి కళాశాల పత్రిక చదివేవారికి ఇష్టంగా ఉంటుంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వైట్‌వాటర్ పట్టణపు ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు ఉండేవాడు. గదులు వెచ్చగా ఉన్నవో లేవో చూచుటకు పనివాడు తరగతి నడుమ వచ్చి పోతుండుట ఆయనకు చికాకు కలిగించింది. గదిలో ఉష్ణోగ్రత మారగానే క్రింది అంతస్తులో కొలిమి వద్దనున్న వానికి విద్యుత్తు ద్వారా తెలియజేసే పరికరాన్ని ఆయన రూపొందించి, 1883లో పేటెంటు పొందాడు. ఆ పరికరం కొలిమిని తానుగా నడపలేదు. తెలియజేయుట మాత్రమే చేసింది. నిర్ణయం, పని మనిషికే మిగిలాయి.

ఈ భేదంలోనే మన విషయానికి తాళపుచెవి ఉన్నది. వేడిని అదుపు చేయుటలో మూడు పనులు ఉన్నాయి: ఎంత వేడి ఉన్నదో తెలిసికొనుట, ఏమి చేయవలెనో నిర్ణయించుట, చేయుట. ఇంటి నుండి అదుపు అనగానే మనవారు మూడింటినీ ఇంటికి లాగవలెనని చూస్తారు. ఇంటిలో స్విచ్చి పెట్టి, అక్కడి నుండి షెడ్డు హీటరుకు లావు తీగ లాగుతారు. ఆ తీగ తెగితే, ఆ మనిషి నిద్రపోతే, షెడ్డు అనాథ. కొలుచుట, నిర్ణయించుట, చేయుట మూడూ షెడ్డులోనే ఉండవలెను. ఇంటికి మిగలవలసినవి వేరే రెండు: అనుమతి ఇచ్చుట, క్షేమం తెలిసికొనుట. ఇల్లు మాట్లాడకపోయినా షెడ్డు తన పని తాను చేసుకొనగలగవలెను.

షెడ్డులో నిర్ణయం చేసేది థర్మోస్టాటు. దాని పాత రూపం రెండు లోహాల పట్టీ. ఒక మీటరు ఇత్తడి ఒక డిగ్రీ వేడికి మిల్లీమీటరులో సుమారు 19 వేయవ వంతులు సాగుతుంది. ఇన్వార్ అనే ఉక్కు-నికెలు మిశ్రమం ఒక వంతుకు కొంచెం మించి మాత్రమే సాగుతుంది. రెండింటిని అతికిస్తే, వేడెక్కినప్పుడు పట్టీ ఒక ప్రక్కకు వంగి విద్యుత్ స్పర్శను విడదీస్తుంది. ఇన్వార్‌ను కనుగొన్న గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతి లభించింది. నేటి పరికరాలలో లోహపు పట్టీకి బదులు చిన్న థర్మిస్టరు ఉంటుంది. సూత్రం మాత్రం మారలేదు. 25 డిగ్రీలకు అమర్చితే 24½ వద్ద వెలిగించి, 25½ వద్ద ఆర్పుతుంది. ఈ ఒక డిగ్రీ ఎడం లోపం కాదు. అది లేకపోతే స్పర్శలు క్షణక్షణం కలుస్తూ విడిపోతూ కాలిపోతాయి.

థర్మోస్టాటు ఎంత మంచిదైనా తప్పు చోట పెడితే తప్పే చెబుతుంది. గోడకు తగిలిస్తే గోడ చలిని కొలుస్తుంది. హీటరు ఎదుట పెడితే దాని కిరణాలను కొలుస్తుంది. వేడి గాలి పైకి పోతుంది గనుక పై అరకు, క్రింది అరకు రెండు మూడు డిగ్రీల తేడా రాగలదు. కావున దానిని పురుగులున్న మధ్య అర ఎత్తున, హీటరుకు చాటుగా వ్రేలాడదీయవలెను. పై అర వద్ద రెండవ థర్మోస్టాటు ఒకటి, మొదటిదానితో సంబంధం లేకుండా, 30 డిగ్రీల వద్ద హీటరును పూర్తిగా త్రుంచివేసేటట్లు అమర్చవలెను. చలి పురుగును మందగింపజేస్తే, అతివేడి ఒక్క రాత్రిలో పంటను ముగిస్తుంది. యంత్రం చెడినప్పుడు ఎటు చెడవలెనో కూడ మనమే ముందుగా నిర్ణయించుకొనవలెనన్న మాట.

ఇప్పుడు తీగల సంగతి. మూడు కిలోవాట్ల హీటరు 230 వోల్టుల వద్ద 13 ఆంపియర్లు తీసికొంటుంది. షెడ్డు 40 మీటర్ల దూరంలో ఉంటే రాకపోకలకు 80 మీటర్ల తీగ. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే దారిలో 12 వోల్టులకు పైగా తగ్గి, 160 వాట్లకు పైగా తీగను వేడి చేయుటకే ఖర్చవుతుంది. రెండున్నర మిల్లీమీటర్ల తీగలో నష్టం ఎనిమిది వోల్టుల లోపే. పల్లెలో వోల్టేజి 200కు దిగిన రాత్రి అదే హీటరు 2,270 వాట్లే ఇవ్వగలదు. లెక్కలో కొంత మిగులు ఉంచుకొనుట అందుకే.

ఈ లావు తీగను ఇంటి స్విచ్చి వరకు త్రిప్పనక్కరలేదు. హీటరును వెలిగించి ఆర్పే కాంటాక్టరును షెడ్డులోనే పెట్టి, దానిని కదలించే చిన్న రిలేకు ఇంటి నుండి 24 వోల్టుల సన్నని తీగ వేస్తే చాలును. ఆ రిలేకు కావలసినది ఒక ఆంపియరులో ఇరవయ్యవ వంతు. కాలింగ్ బెల్లుకు వాడే తీగలో కూడ ఆ దూరానికి నష్టం వోల్టులో ఆరవ వంతు మించదు. దీనిని కరెంటు తీగ పోయే గొట్టంలో కాక వేరు గొట్టంలో వేయవలెను. మామూలు స్థితిలో రిలే కలిసి ఉండి, ఇంటి నుండి విద్యుత్తు పంపినప్పుడు మాత్రమే విడిపోయేటట్లు అమర్చితే, ఎలుక తీగను కొరికినా షెడ్డులో వెచ్చదనం ఆగదు.

గంట విషయంలో దీనికి సరిగా విరుద్ధంగా చేయవలెను. షెడ్డు నుండి ఇంటికి వచ్చే తీగలో ఒక బ్యాటరీ నుండి విద్యుత్తు ఎల్లప్పుడు ప్రవహిస్తూ ఉండవలెను. ఉష్ణోగ్రత 22కు దిగినా, 29కి ఎక్కినా ప్రవాహం తెగి, ఇంటిలో మరొక బ్యాటరీ మీద గంట మ్రోగవలెను. అప్పుడు తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా గంట మ్రోగుతుంది. చెడిపోయి మౌనంగా ఉండే కావలివానికంటె, చెడిపోయి కేక వేసేవాడు మేలు గదా! కరెంటు పోయిన రాత్రి హీటరు ఆరిపోయి గది చల్లబడినప్పుడు కూడ రైతును లేపేది ఈ గంటయే.

తీగలు లేకుండా కూడ ఈ పని చేయవచ్చును. బోరు మోటారును సెల్‌ఫోనుతో నడిపే స్టార్టర్లు మన పల్లెలకు క్రొత్త కావు. అదే పద్ధతి ఇక్కడ పనికివస్తుంది. ఇంటి వైఫై తరంగాలు మాత్రం రెండు గోడలు దాటేసరికి క్షీణిస్తాయి. ఇనుప రేకు అడ్డమైతే దాదాపు నిలిచిపోతాయి. మనదేశంలో 865 నుండి 868 మెగాహెర్ట్జ్ వరకు గల పట్టీలో, నిర్ణీత శక్తికి లోబడి, లైసెన్సు లేకుండా పనిచేసే చిన్న రేడియో పరికరాలు ఇంతకంటె దూరం పోతాయి. ఏ సాధనమైనా సరే, సంకేతం అందనప్పుడు షెడ్డు థర్మోస్టాటు తన పనిని మానకుండా ఉండవలెనన్నదే షరతు.

అమరిక అంతా పూర్తయిన తరువాత, పురుగులు రాకముందే ఖాళీ షెడ్డును రెండు రాత్రులు నడిపి చూడవలెను. మూడు అరలలో మూడు ఉష్ణమాపకాలు ఉంచి, గంటగంటకు అంకెలు వ్రాసికొనవలెను. అర్ధరాత్రి ఒకసారి మెయిన్ స్విచ్చి తీసి, గది ఎంతసేపటికి 22 డిగ్రీలకు దిగుతుందో, గంట మ్రోగుతుందో లేదో పరీక్షించవలెను. కరెంటు లేని రాత్రి రైతు చేతిలో ఉండే వ్యవధి ఆ కాలమే. అది అరగంటకు తక్కువగా కనిపిస్తే హీటరు మార్చనక్కరలేదు; లోకప్పును, తలుపు సందులను మరల చూడవలెను.