కార్బన్ దారాలతో రాకెట్ ఇంధనపు ట్యాంకులు

ఈ సంవత్సరం మన ట్రస్టు స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూలకు వచ్చిన వారిలో మెకానికల్ డిప్లొమా చదువుతున్న ఒక అబ్బాయి "రాకెట్టుకు ప్లాస్టిక్ ట్యాంకు పెడతారట, నిజమేనా సార్?" అని అడిగాడు. అక్కడ సమయం చాలక రెండు ముక్కల్లో చెప్పి పంపాను. ఈ సందేహం ఇంకా కొందరు విద్యార్థులకు ఉండవచ్చునని ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. నేను రాకెట్లు చేసినవాడిని కాను. ముప్ఫై ఏళ్ళపాటు రసాయనాలు నిలవచేసే ఫైబర్‌గ్లాస్ ట్యాంకుల తనిఖీ పనిలో ఉన్నాను. దానికీ దీనికీ ఎంతో తేడా ఉన్నా, దారాన్ని జిగురుతో కలిపి గట్టి వస్తువుగా చేయడమనే మూలసూత్రం ఒక్కటే.

ముందుగా ఇంత శ్రమ ఎందుకో చూద్దాం. రాకెట్లలో వాడే ద్రవ హైడ్రోజన్ చాలా తేలిక. లీటరు నీరు కిలో బరువుంటే లీటరు ద్రవ హైడ్రోజన్ సుమారు 71 గ్రాములే. కనుక కొద్ది టన్నుల ఇంధనానికి కూడా ఇల్లంత ట్యాంకు కావాలి. ట్యాంకు పెద్దదైతే బరువూ పెరుగుతుంది. రాకెట్ పై అంచెలో ట్యాంకు ఒక కిలో తగ్గితే ఉపగ్రహం ఒక కిలో పెరగవచ్చు. అల్యూమినియంతో పోలిస్తే బరువు 30 శాతం, ఖర్చు 25 శాతం తగ్గించాలని అమెరికా అంతరిక్ష సంస్థ నాసా లక్ష్యంగా పెట్టుకున్నది.

తయారీ పద్ధతి మన ఇళ్ళలో తెలియనిది కాదు. పాత కాగితాలు నానబెట్టి, మెంతిపిండి కలిపి రుబ్బి, బోర్లించిన బిందె మీద మెత్తి, ఆరాక ఊడదీసి బుట్టలు చేసేవారు మన అమ్మమ్మలు. ఇక్కడ కాగితపు గుజ్జుకు బదులు కార్బన్ దారం, మెంతిపిండికి బదులు ఎపాక్సీ రెసిన్. రెసిన్‌లో తడిపిన సన్నని పట్టీలను యంత్రపు చెయ్యి ఒక అచ్చు మీద పొరలు పొరలుగా పరుస్తుంది. ఒక పొర నిలువుగా, ఒకటి అడ్డంగా, ఇంకొకటి ఏటవాలుగా వేస్తారు, ఎందుకంటే దారం తన పొడవునా మాత్రమే బలం ఇస్తుంది. తర్వాత పైన సంచి కప్పి గాలి తీసేసి, వేడిచేసి గట్టిపరుస్తారు.

బుట్టకు నోరు పెద్దది కనుక బిందె సులువుగా బయటికి వస్తుంది. ట్యాంకు అన్ని వైపులా మూసి ఉంటుంది, మరి లోపలి అచ్చును ఎలా తీయాలి? అచ్చునే చిన్న చిన్న ముక్కలుగా బిగించి, పని అయ్యాక ఆ ముక్కలను ట్యాంకు కొన దగ్గరున్న రంధ్రంలోంచి ఒక్కొక్కటిగా బయటికి తీస్తారు. రెండో చిక్కు వేడిచేయడం. వేడితో పాటు ఒత్తిడి కూడా పెట్టే ఆటోక్లేవ్ అనే పాత్రలో ఉడికిస్తే పొరలు బాగా అతుక్కుంటాయి. కాని ఇల్లంత ట్యాంకుకు ఇల్లుకన్నా పెద్ద ఆటోక్లేవ్ కట్టాలి. ఒత్తిడి లేకుండా మామూలు ఓవెన్‌లోనే గట్టిపడే రెసిన్లు వచ్చాకే ఈ ఖర్చు తగ్గింది.

అసలు శత్రువు చలి. ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. రెసిన్ గట్టిపడినది సుమారు 177 డిగ్రీల దగ్గర. అంటే ట్యాంకు గోడ 430 డిగ్రీల తేడాను తట్టుకోవాలి. చల్లబడితే రెసిన్ ముడుచుకుంటుంది, కార్బన్ దారం పొడవునా దాదాపు ముడుచుకోదు. నిలువు పొర ముడుచుకోబోతే పక్కనున్న అడ్డ పొర అడ్డుపడుతుంది. ఆ లాగులాటలో రెసిన్‌లో కంటికి కనబడని పగుళ్ళు వస్తాయి. నీళ్ళకైతే ఆ పగుళ్ళు లెక్కలోకి రావు. హైడ్రోజన్ అణువు అన్నిటికన్నా చిన్నది, అది దారి వెతుక్కుంటుంది.

దీని వల్ల ఏమవుతుందో 1999లో తెలిసింది. నాసా, లాక్‌హీడ్ మార్టిన్ కలిసి ఎక్స్-33 అనే వాహనాన్ని తయారుచేస్తున్నాయి. మళ్ళీ మళ్ళీ వాడగల, ఒకే అంచెతో కక్ష్యకు చేరగల పెద్ద వాహనానికి అది నమూనా. దాని హైడ్రోజన్ ట్యాంకు గోడలో రెండు కార్బన్ పొరల మధ్య తేనెపట్టులాంటి గూళ్ళ పొర ఉండేది. 1999 నవంబరు 3న అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లోని మార్షల్ కేంద్రంలో ట్యాంకును ద్రవ హైడ్రోజన్‌తో నింపి, ఒత్తిడీ బరువులూ పెట్టి పరీక్షించారు. అంతా తట్టుకుంది. తర్వాత ఇంధనాన్ని ఖాళీ చేశారు. ట్యాంకు వేడెక్కుతుండగా బయటి పొర ఊడి లేచిపోయింది!

విచారణలో తేలినది ఇది. లోపలి పొర పగుళ్ళలోంచి హైడ్రోజన్ గూళ్ళలోకి చేరింది. బయట రక్షణ కోసం పంపిన నైట్రోజన్ వాయువు కూడా లోపలికి పోయి, ఆ చలికి గడ్డకట్టింది. వాయువు గడ్డకడితే అక్కడ ఖాళీ ఏర్పడి ఇంకా వాయువును లాక్కుంటుంది. ట్యాంకు వేడెక్కేసరికి ఇదంతా తిరిగి వాయువైంది. లీటరు ద్రవ నైట్రోజన్ సుమారు 700 లీటర్ల వాయువవుతుంది. వచ్చిన దారిన అంత వేగంగా పోలేక గూళ్ళలో ఒత్తిడి పెరిగింది. అతుకుల బలం అనుకున్నదానికన్నా తక్కువగా ఉండడం, తయారీ లోపాలు కూడా తోడయ్యాయి. 2001 మార్చిలో ఎక్స్-33 కార్యక్రమాన్నే ఆపేశారు.

పరీక్ష విఫలమైందని చాలామంది రాశారు. నా ఉద్దేశం వేరు. ట్యాంకు విఫలమైంది, పరీక్ష తన పని చేసింది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ చివరి ఘట్టం. బరువు దించాక వస్తువు సురక్షితమని మనం అనుకుంటాం. మా కర్మాగారంలో కూడా ఖాళీ చేసిన ట్యాంకు దగ్గర ఎవరూ నిలబడి చూసేవారు కాదు.

నాసా, బోయింగ్ ఆ తర్వాత మెట్టుమెట్టుగా వెళ్ళాయి. 2013లో 2.4 మీటర్ల వ్యాసం గల ట్యాంకును, 2014లో 5.5 మీటర్ల ట్యాంకును పరీక్షించాయి. ఆటోక్లేవ్ వాడలేదు. గోడలో కొన్ని పొరలను మామూలుకన్నా బాగా పలుచగా వేశారు, ఎందుకంటే పలుచని పొరలో పగులు అంత తేలిగ్గా పుట్టదు, పుట్టినా ఒక పొర నుంచి ఇంకొక పొరకు దారి కలవదు. పెద్ద ట్యాంకు వాషింగ్టన్ రాష్ట్రంలో తయారై, సూపర్ గప్పీ అనే బొజ్జ విమానంలో హంట్స్‌విల్‌కు వచ్చింది. అందులో లక్ష లీటర్లకు పైగా ద్రవ హైడ్రోజన్ పట్టింది. అంతా కలిపి ఏడున్నర టన్నులే! అవే కొలత నీళ్ళు నూరు టన్నులు దాటుతాయి. అందుకే ఇలాంటి ట్యాంకును నీళ్ళతో నింపి పరీక్షించడం కుదరదు, నీటి బరువుకే చెడిపోవచ్చు.

పరీక్ష అంటే నింపి చూడడం ఒక్కటే కాదు. ముందుగా అతిధ్వని తరంగాలు పంపి పొరల మధ్య ఖాళీలు వెతుకుతారు. గోడ సాగడాన్ని కొలిచే స్ట్రెయిన్ గేజీలు అతికిస్తారు. దారం తెగితే వచ్చే చిన్న చప్పుడును వినే పరికరాలు ఉంటాయి. మేము మాత్రం రూపాయి నాణెంతో కొట్టి చూసేవాళ్ళం. ఖంగుమంటే మంచిది, బొద్దుగా వినిపిస్తే లోపల ఊడినట్టు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూడడం లాంటిదే. పెద్ద పరిశ్రమల్లో ఈ నాణెపు పరీక్షను ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

అయినా 2022 నవంబరులో చంద్రుని వైపు వెళ్ళిన నాసా పెద్ద రాకెట్ ప్రధాన అంచెలో ట్యాంకులు అల్యూమినియంవే. స్పేస్‌ఎక్స్ సంస్థ 2016లో 12 మీటర్ల కార్బన్ ట్యాంకు చేసి, పగిలేదాకా పరీక్షించి, చివరికి స్టెయిన్‌లెస్ స్టీలుకు మారింది. కార్బన్ ఫైబర్ కిలో 135 డాలర్లు, స్టీలు 3 డాలర్లు అని 2019లో దాని అధినేత ఎలాన్ మస్క్ లెక్క చెప్పారు. మరోవైపు రాకెట్ ల్యాబ్ వారి ఎలక్ట్రాన్ రాకెట్ 2018 జనవరిలో కార్బన్ ట్యాంకులతోనే కక్ష్యకు చేరింది. అది 1.2 మీటర్ల చిన్న రాకెట్, హైడ్రోజన్ కాక కిరోసిన్, ద్రవ ఆక్సిజన్ వాడుతుంది. హైదరాబాదు స్కైరూట్ సంస్థ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి పంపిన విక్రమ్-ఎస్ కూడా కార్బన్ కాంపోజిట్‌తో చేసినదే. అయితే అందులో ఘన ఇంధనం కనుక ఈ చలి సమస్య లేదు.

ఈ రంగానికి ఇంజనీరింగ్ డిగ్రీయే ఉండాలని లేదు. పదార్థాన్ని చెడగొట్టకుండా తనిఖీ చేసే విద్యను ఎన్.డి.టి. అంటారు. చెన్నై ప్రధాన కేంద్రంగా ఉన్న ఇండియన్ సొసైటీ ఫర్ నాన్ డిస్ట్రక్టివ్ టెస్టింగ్ ఇందులో లెవెల్ 1, లెవెల్ 2 శిక్షణలు నడుపుతుంది. డిప్లొమా, ఐ.టి.ఐ. విద్యార్థులు అర్హతలు, ఫీజులు స్వయంగా విచారించుకుని, దరఖాస్తులో "ఇతర శిక్షణ" అన్నచోట ఆ వివరం రాయవచ్చు.