రాత్రి తిరిగే జెల్ల

కృష్ణా తుంగభద్రల నడుమనున్న మా రాయచూరు సీమకు జెల్ల కొత్తచేప కాదు. యరగేరలో మా యింటి గాజుతొట్టిలో, నాచుమొక్కల నడుమ, చిన్నచేపలతోబాటు చారల జెల్ల నొకదానిని వేసినాము. పగలంతా రాతిక్రింద నక్కి, మేత ముట్టదు. జబ్బేమో ననుకొన్నాము.

వారం తిరిగేసరికి నాలుగు చిన్నచేపలు మాయం! పిల్లలు ఏడ్చినారు. నేరం పిల్లిమీద మోపి, దానిని తరిమినాము.

ఒకరాత్రి దీపమార్పి, కొంతసేపటికి టార్చితో చూతుము గదా, జెల్ల మీసాలతో అడుగంతా తడుముతూ తిరుగుతున్నది! చీకటిలో దానికి మీసాలే కళ్లు; నోట పట్టిన చేపనెల్ల మ్రింగును. తప్పు దానిది కాదు, మాది.

ఇప్పుడు దాని నోట పట్టని చేపలనే తోడుంచి, దీపమార్పిన పిమ్మటనే వానపాము ముక్కలు వేస్తున్నాము. దాగుటకు కుండపెంకు చాలును. రెక్కముల్లు వలలో చిక్కుకొనును, చేతికి గుచ్చుకొనును, గిన్నెతో తీయవలెను.

పిల్లికి మరునాడే పాలు పోసినాము.