ముక్క దాగినా మాట దాగదు

ఆశ్వయుజ పున్నమిని ఒడిశాలో కుమార పూర్ణిమ అంటారు. లక్ష్మీదేవికి మొక్కుకుని రాత్రంతా పేకాటతో మేలుకోవడం గంజాం, బరంపురం ఇళ్లలో పాత అలవాటు. ఆ రాత్రి ముక్కల కంటే మాటలే ఎక్కువ పడతాయి. ఎదుటివాడి చేతిలో ఏముందో చెప్పేవీ ఆ మాటలే.

ఇంగ్లీషు పేక రాకముందు ఇటువైపు ఆడింది గంజపా. గుడ్డ పొరల్ని చింతగింజల జిగురుతో అంటించి, సుద్ద పూసి, బొమ్మలు వేసిన గుండ్రటి ముక్కలు. రంగుకు 12: రాజు, మంత్రి, ఒకటి నుంచి పది. ఎనిమిది రంగుల పేకలో 96, దశావతారాల పేకలో 120. రాజు, మంత్రి ఎప్పుడూ పైనే. ఆ తర్వాత సగం రంగుల్లో పది పెద్దది, మిగతా సగంలో ఒకటి పెద్దది! దశావతార ఆటను పగలైతే రాముడి రంగుతో, రాత్రయితే కృష్ణుడి రంగుతో మొదలుపెట్టే ఆనవాయితీ కూడా ఉంది. ఇన్ని గుర్తుంచుకుంటూ కబుర్లు చెప్పడం అంత తేలిక కాదు. కబుర్లపోగు ఉన్నట్టుండి ఆగాడంటే పడిపోయిన ముక్కలు లెక్కపెట్టుకుంటున్నాడన్నమాట.

ఆ తర్వాత వచ్చిన పేకలో మనం కళావరు అనేదాన్ని డచ్చివాళ్లు క్లావర్ అంటారు, ఆఠీనును హార్టెన్ అంటారు. మచిలీపట్నం, భీమిలి రేవుల్లో వాళ్లు వ్యాపారం చేసిన కాలం ఇంకా మన నాలుక మీదే ఉంది.

రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే. పడే ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి అంది. ఎదుటివాడి మాట వినడం కూడా ఆ నేర్పులో భాగమేనని నా నమ్మకం.

పోకర్‌లో ఈ విద్యకు పుస్తకాలే ఉన్నాయి. 1984లో మైక్ కారో రాసినదాని సారం ఇది: నీరసం నటించేవాడి చేతిలో బలముంటుంది, బింకం చూపేవాడి చేతిలో ఉండదు. 2006 ప్రపంచ పోకర్ పోటీలో జేమీ గోల్డ్ ఆడినంతసేపూ ఎదుటివాళ్లను మాటల్లో దింపుతూ 1.2 కోట్ల డాలర్లు గెలిచాడు. 2013లో వచ్చిన ఒక పరిశోధన మరో సంగతి తేల్చింది. ఆటగాళ్ల ముఖం చూసినవాళ్లు ముక్కల బలాన్ని తప్పుగా అంచనా వేశారు. పందెం బిళ్లలు తోసే చేతుల్ని మాత్రమే చూసినవాళ్ల అంచనాలే మెరుగ్గా ఉన్నాయి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం మద్రాసు రాజధానిలో ఉండేది. ఇప్పటికీ ఒకే చాప మీద రెండు భాషలు నడుస్తాయి. మా మావయ్య ఒడియా స్నేహితులతో ఒడియాలోనే మాట్లాడేవాడు. రమ్మీలో చెత్త ముక్కలొస్తే కిళ్లీ, టీ, అందరి పిల్లల చదువులూ అడిగేవాడు. నేచురల్ (జోకరు లేని వరస) పడిందా, ఎత్తిన ముక్కను కుడి చివర దోపి, బొటనవేలితో రెండుసార్లు తట్టి, తనకే తెలియకుండా తెలుగులోకి దిగిపోయేవాడు: “ఏటి బాబూ, వేగిరం కొట్టండి!”

ఆ తెలుగు చెవిన పడగానే ఎదురుగా కూర్చున్న ఒడియా పెద్దాయన ముక్కలు బోర్లా పెట్టి డ్రాప్ అనేవారు.