పికప్‌ ఎత్తు పెంచాక స్టీరింగు వణుకుతోందా?

గుంటూరు యార్డుకు మిర్చి బస్తాలు చేరవేసే పికప్‌ వ్యాన్లకు వెనుక కమాన్‌ పట్టీలు అదనంగా వేయించి ఎత్తు పెంచే యజమానులు ఉన్నారు. బరువున్నంతసేపు బండి నిలకడగానే సాగుతుంది. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడే ఇబ్బంది మొదలవుతుంది. పట్టీలు పెరిగితే కమాను బిగుసుకుని వంగదు; ప్రతి గుంతా డ్రైవరు నడుముకు తగులుతుంది. పైగా లోడు కోసం నింపిన గాలితోనే ఖాళీ బండిని నడిపితే కుదుపు రెట్టింపవుతుంది. కనుక ముందుగా చూడవలసింది టైర్లలో గాలి. ఇది ఖర్చు లేని పరీక్ష.

స్టీరింగు వణుకు వేరే సంగతి. అది ఎప్పుడు వస్తోందో గమనించాలి. గంటకు 70, 80 కిలోమీటర్ల వేగంలో మొదలై, వేగం తగ్గిస్తే ఆగిపోతే చక్రాల బ్యాలెన్సింగు చేయించాలి. బ్రేకు తొక్కినప్పుడే వస్తే ముందు బ్రేకు డిస్కులను అనుమానించాలి. గుంతలో పడగానే చక్రాలు అదిరితే టైరాడ్‌ ఎండ్లు, బాల్‌జాయింట్లు అరిగి ఉండవచ్చు. ముందు చక్రాన్ని జాకీతో లేపి, కింద గట్టి దిమ్మ పెట్టి, పక్కలకూ పైకీ కిందికీ కదిపితే వదులు తెలిసిపోతుంది.

ఇవన్నీ సవ్యంగా ఉన్నా వణుకు ఆగకుంటే కారణం ఎత్తే కావచ్చు. వెనుక లేచిన కొద్దీ బండి ముందుకు వాలి క్యాస్టర్‌ కోణం తగ్గుతుంది. మలుపు తర్వాత చక్రాలు తమంతట తాము తిన్నబడే గుణం సన్నగిల్లి, స్టీరింగు తేలిపోతుంది. అలైన్‌మెంటులో టో ఒక్కటే సరిచేసి పంపడం కద్దు. క్యాస్టర్‌ కూడా కొలవమని అడగాలి. అదనపు పట్టీ తీయించి నడిపి చూస్తే అనుమానం తీరుతుంది. పట్టీ పెరిగినంత మాత్రాన బ్రేకులు, యాక్సిల్‌ బలం పెరగవు. అనుమతించిన బరువూ మారదు.